విశాఖలో లాన్ తీసి స్థానిక మొక్కల తోట వేయడం ఎలా

విశాఖపట్నంలో ఇంటి ముందు గడ్డి పరిచి ఏడాది పొడవునా పచ్చగా నిలబెట్టాలనుకునేవారు ముందుగా నీటి లెక్క వేసుకోవాలి. నర్సరీలు మెక్సికన్ గ్రాస్ అని అమ్మే మెత్తని గడ్డికి ఏప్రిల్, మే నెలల ఎండలో రోజుకు నాలుగైదు మిల్లీమీటర్ల నీరు కావాలి. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు కాబట్టి, 60 చదరపు గజాల లాన్, అంటే ఇంచుమించు 50 చదరపు మీటర్లు, రోజుకు 200 నుంచి 250 లీటర్లు తాగుతుంది. మార్చి మధ్య నుంచి జూన్ మధ్య వరకు మూడు నెలలకు ఆ లెక్క 18 వేల లీటర్లు దాటుతుంది, అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు. ముడసర్లోవ, మేఘాద్రిగెడ్డ వంటి జలాశయాల్లో మట్టం తగ్గేదీ ఆ నెలల్లోనే. తీరానికి దగ్గరగా ఉన్న కాలనీల్లో అదే సమయంలో బోరును అదుపు లేకుండా తోడితే సముద్రపు ఉప్పునీరు భూగర్భంలో లోపలికి చొచ్చుకువస్తుంది, ఒకసారి ఉప్పుబారిన బోరు మళ్ళీ మంచినీరు ఇవ్వడానికి ఏళ్ళు పడుతుంది.

లాన్ మన వాతావరణంలో పుట్టిన అలవాటు కాదు. ఎండ తక్కువగా ఉండి ఏడాదంతా కొద్దికొద్దిగా వాన పడే ఇంగ్లండులో అది పెరిగింది, 1830లో ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రాన్ని తయారు చేశాక సామాన్యుల ఇళ్ళకూ పాకింది. విశాఖలో వాన అలా పంచుకుని పడదు. ఏడాదికి 1000 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానలో చాలా భాగం జూన్ నుంచి నవంబరు మొదటి వారాల లోపే కురుస్తుంది, అందులోనూ అక్టోబరు వాయుగుండాల వాన కొన్ని రోజుల్లోనే కుండపోతగా పడి గెడ్డల గుండా సముద్రంలో కలుస్తుంది. డిసెంబరు నుంచి మే దాకా నేల దాదాపు ఎండుతూనే ఉంటుంది. ఈ క్రమానికి అలవాటుపడిన మొక్కలు తూర్పు కనుమల వాలుల మీదా, తీరపు ఇసుకలోనూ ఎవరూ నీరు పోయకుండానే బతుకుతున్నాయి. తోటను వాటితో వేసుకుంటే వేసవిలో గొట్టం పట్టుకుని నిలబడే పని తప్పుతుంది. ఆ పని ఎలా చేయాలో క్రమంగా రాస్తున్నాను.

ఎంత గడ్డి ఉంచాలి

గడ్డి మొత్తం తీసేయాలని నేను చెప్పడం లేదు. పిల్లలు ఆడుకోవడానికీ, సాయంత్రం చాప వేసుకుని కూర్చోవడానికీ కొంత చదునైన పచ్చిక అవసరమే, దానికి పది, పదిహేను చదరపు గజాలు చాలు. అక్కడ మెక్సికన్ గ్రాస్ బదులు మన గరికను పెరగనివ్వండి. వేసవిలో అది ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది, చనిపోదు. నేలలోని దుంపవేళ్ళు బతికే ఉంటాయి గనుక తొలకరి పడిన వారంలోనే చిగురిస్తుంది. ఏప్రిల్‌లో ఆ ముక్క ఎండిపోయినట్టు కనిపించడాన్ని ఒప్పుకోగలిగితే మీ తోట కష్టంలో సగం తీరినట్టే. జనం అప్పుడప్పుడు నడిచే అంచుల్లో బొక్కెన మొక్క బాగా సరిపోతుంది. నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, కాలు పడినా తట్టుకుంటుంది, దాని చిన్న పూలకు తేనెటీగలూ సీతాకోకచిలుకలూ వస్తాయి.

నర్సరీల్లో నేలను కప్పడానికి పసుపుపూల వెడీలియాను సులువైన మొక్కగా చూపిస్తారు. దాన్ని తీసుకోవద్దు. అమెరికా ఖండపు మొక్క అది, కణుపు కణుపునా వేరు దింపి పక్కింటి గోడ దాటి, కాలువ గట్టు ఎక్కి, ఇతర మొక్కలకు చోటు లేకుండా చేస్తుంది.

నేలను చదవడం

విశాఖలో ఒక వీధికీ మరో వీధికీ నేల మారిపోతుంది. లాసన్స్ బే కాలనీ, రుషికొండ వంటి తీరప్రాంతాల్లో ఇసుక పాలు ఎక్కువ, ఉప్పుగాలి సూటిగా తగులుతుంది. మధురవాడ, ఎండాడ వైపు కొండను తొలిచి చదును చేసిన స్థలాల్లో పైన పోసిన ఎర్ర గ్రావెల్ తప్ప అసలు మట్టి కనిపించదు. కాబట్టి ఏ మొక్క కొనాలో తేల్చుకునే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీరు పోసి, అది ఇంకాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీరు గంట రెండు గంటల్లో ఇంకిపోతే ఎండను కోరే తంగేడు, వావిలి వంటివి హాయిగా పెరుగుతాయి. తెల్లారేదాకా నీరు నిలిచి ఉంటే అక్కడ తంగేడు కుళ్ళిపోతుంది, మట్టిని అడుగు ఎత్తున కట్టలా పోసుకుని దాని మీద నాటాలి.

ఒక రోజంతా ఎండ ఎటు నుంచి ఎటు తిరుగుతుందో, వాన పడినప్పుడు డాబా మీది నీరు ఎక్కడ దిగి ఎటు పారుతుందో కూడా చూసుకోండి. ఈ రెండూ కాగితం మీద గీసుకుంటే తోట నమూనా దానంతట అదే బయటపడుతుంది.

పాత గడ్డిని తీయడం

అన్నింటికన్నా ఓపిక కావలసిన పని ఇదే. తొందరపడి గడ్డిని పైపైన చెక్కి మొక్కలు నాటేసినవారి తోటల్లో రెండో వానకే గరిక, తుంగ పైకి వచ్చి కొత్త మొక్కలను ముంచేస్తాయి. అప్పుడు మొక్కల మధ్య కూర్చుని కలుపు ఏరడం లాన్ కోయించడం కన్నా పెద్ద పనవుతుంది.

మెక్సికన్ గ్రాస్‌ను పారతో రెండు మూడు అంగుళాల మందాన పలకలుగా కోసి ఎత్తవచ్చు. ఆ పలకలను తలకిందులుగా ఒక మూల పేర్చి తడుపుతూ ఉంటే కొన్ని నెలల్లో మంచి మట్టి అవుతుంది, పారేయకండి. పొదలు నాటబోయే మేర గరిక పాకి ఉంటే గునపంతో జానెడు లోతు పెళ్ళగించి తెల్లటి దుంపవేళ్ళను చేత్తో ఏరాలి. రొటావేటరుతో దున్నించడం సులువుగా తోస్తుంది గానీ అది ప్రతి వేరునూ ముక్కలు చేస్తుంది, ప్రతి ముక్కా మళ్ళీ మొలుస్తుంది.

ఆ తరువాత ఎండను వాడుకోవాలి. ఏప్రిల్ రెండో వారంలో నేలను చదును చేసి, బాగా తడిపి, పారదర్శకమైన పలుచటి పాలిథిన్ షీటును నేలకు అంటేలా పరిచి అంచులను మట్టితో కప్పేయండి. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండ మే నెలాఖరు దాకా షీటు కింద నిలిస్తే పై పొరలోని గడ్డి గింజలూ లేత వేళ్ళూ ఉడికిపోతాయి. షీటు కాంతి దూరేలా ఉండాలి, నల్ల షీటు కింద నేల అంతగా వేడెక్కదు. ఆరు వారాలు ఉంచగలిగితే మంచిది, నాలుగుకు తగ్గించవద్దు.

అయినా తుంగ మిగులుతుంది. దాని గడ్డలు జానెడు లోతున ఒకదానికొకటి గొలుసులా అల్లుకుని ఉంటాయి, ఆకును లాగితే పైగడ్డ తెగి కింద నిద్రలో ఉన్నవి మేలుకుంటాయి. షీటు తీశాక మొదటి వానకు మొలిచిన ప్రతి తుంగనూ మట్టి మెత్తగా ఉన్నప్పుడే సన్నటి గునపంతో గడ్డలతో సహా తీయండి. మొలిచిన ప్రతిసారీ వారం లోపు తీస్తే గడ్డల్లోని నిల్వ తరిగిపోతుంది. ఒక వానాకాలమంతా విడవకుండా చేస్తేనే తుంగ లొంగుతుంది.

అట్టపెట్టెలను విప్పి నేల మీద పరిచి వాటి మీద ఆకులు పోయడం ఇంకొక పద్ధతి. నీడ పడే మూలల్లో, ఎండ షీటు పనిచేయని చోట్ల అది ఉపయోగమే, కానీ విశాఖలో చెదలు ఎక్కువ గనుక ఇంటి గోడకూ, తలుపు చట్రాలకూ కనీసం ఐదారు అడుగుల దూరంలో మాత్రమే వాడండి.

వాన నీటిని ఆపడం

నాటడానికి ముందే ఇంకుడు గుంత పూర్తి కావాలి, ఎందుకంటే తరువాత తవ్వితే వేళ్ళు తెగుతాయి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు దిగుతాయి. అదంతా సిమెంటు వాకిలి మీదుగా వీధి కాలువలోకి పోనీయకుండా, పునాదికి పది అడుగుల దూరంలో మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరున్నర లోతు గుంత తవ్వి అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న కంకర, ఆపైన ఇసుక నింపండి. డాబా నీటిని గుంతలోకి తెచ్చే గొట్టం చివర ఒక చిన్న వల తొట్టె పెట్టి ఆకులు పేరుకోకుండా చూడండి. గుంత నిండి పొర్లిన నీరు మొక్కల పాదుల వైపు పారేలా పల్లం ఇవ్వాలి.

సింహాచలం కొండ దిగువన గానీ మధురవాడ వాలుల్లో గానీ ఇల్లున్నవారికి నీటి కన్నా మట్టి కోత పెద్ద సమస్య. వాలుకు అడ్డంగా, ఆరేడు అడుగులకొక వరుసగా వట్టివేరు నాటండి, వరుసలో మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు చాలు. దాని వేళ్ళు పక్కలకు పాకకుండా నిలువునా మనిషెత్తు దాటి దిగుతాయి, పైన కొట్టుకొచ్చే ఎర్రమట్టి వరుస దగ్గర ఆగిపోతుంది. రాతిగోడ కట్టించే స్థోమత లేనివారికి ఇంతకన్నా మంచి ఉపాయం నాకు తెలియదు.

మొక్కల ఎంపిక

ఉప్పుగాలి తగిలే ఇళ్ళలో సముద్రం వైపు మొదటి వరుస గట్టిది కావాలి. పొన్న, గంగరావి, కానుగ తీరానికి పుట్టుకతో అలవాటుపడినవి, వాటి చాటున మిగిలిన మొక్కలు బతుకుతాయి. ఇవి చెట్లు కాబట్టి గోడకు పన్నెండు అడుగులైనా ఎడం ఉండాలి, చిన్న స్థలంలో ఒకటి చాలు. స్థలం ఇంకా తక్కువైతే పొగడ ఎంచుకోండి. నిదానంగా పెరుగుతుంది, నీడ చిక్కగా ఉంటుంది, కొమ్మ గట్టిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద తీరం దాటినప్పుడు చెట్లు కూలి మూసుకుపోయిన వీధులను చూసినవారికి కొమ్మ గట్టిదనం గురించి వేరే చెప్పనక్కరలేదు. వేగంగా ఎదిగి పెళుసుగా ఉండే తురాయిని ఇంటి ఆవరణలో పెట్టకపోవడమే క్షేమం.

స్థానికమైనంత మాత్రాన ప్రతి చెట్టూ ఇంటికి పనికొస్తుందని కాదు. ఏడాకుల చెట్టు మన దేశపుదే, తుపాను తరువాత నగరంలో విరివిగా కనిపించేదే. అక్టోబరు, నవంబరుల్లో దాని పూల ఘాటు వాసన ఉబ్బసం ఉన్నవారిని ఇబ్బంది పెడుతుంది. కిటికీ పక్కన నాటవద్దు. రావి, మర్రి గుడికీ చెరువు గట్టుకూ తగినవి, ఇంటి పునాదికి కావు.

తోటకు నిండుదనం ఇచ్చేవి పొదలు. నిండు ఎండలో, గ్రావెల్ నేలలో తంగేడును మించినది లేదు. నాలుగడుగుల ఎడంతో నాటితే రెండేళ్ళలో ఒకదానినొకటి తాకి నేలను కప్పేస్తుంది, ఎరువు అడగదు, ఏడాదిలో చాలా భాగం పసుపుపూలతో ఉంటుంది, దాని ఆకుల మీద లేత పసుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. ప్రహరీ వెంబడి కంచెలా కావాలంటే వావిలి కొమ్మలు నాటండి, పశువులు పెద్దగా ముట్టవు. మధ్యాహ్నం దాకా ఎండ, తరువాత నీడ పడే చోట నందివర్ధనం, నూరువరహాలు నిలుస్తాయి. చెట్టు నీడలో కనకాంబరం అడుగు ఎడంతో వేస్తే నేల కప్పుకుంటుంది, పూలు జడకూ పనికొస్తాయి. తూర్పు వాకిట్లో ఒక పారిజాతం పెడితే వానలు తగ్గాక తెల్లవారుజామున పూలు రాలుతాయి. దాని కింద రాళ్ళు పరచకుండా మెత్తటి మట్టి గానీ ఇసుక గానీ ఉంచితే పూలు నలగవు.

సింహాచలం సంపెంగ పేరు విని బీచ్ రోడ్డు ఇళ్ళవాళ్ళు దాన్ని కొంటూ ఉంటారు. దానికి లోతైన మట్టి, చల్లని నీడ, కొంచెం తేమ కావాలి, ఉప్పుగాలికి ఆకు అంచులు మాడిపోతాయి. అడవివరం వైపు కొండ చాటున ఉన్నవారే దానికి ఆశపడాలి.

ఇంట్లో ఇప్పటికే ఉన్న మల్లె పందిరినీ, మందారాన్నీ పీకేయమని ఎవరూ అనరు. అవి కుదురుకున్నవి, ఉండనివ్వండి. కరివేపాకు మొక్క మీద పురుగు కనిపిస్తే మందు కొట్టకుండా కొన్ని ఆకులు వదిలేయండి, అది నల్ల సీతాకోకచిలుక పిల్ల. జిల్లేడు కూడా ఒకటి పెట్టుకోవచ్చు గానీ దాని పాలు కంట్లో పడితే ప్రమాదం కాబట్టి పిల్లలు తిరగని వెనుక మూలలోనే ఉంచాలి. గన్నేరు ప్రతి భాగమూ విషమే, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.

నాటడం, మొదటి రెండు వేసవులు

జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజే నాటేయాలన్న తొందర వద్దు. రెండు మూడు మంచి వానలు పడి జానెడు లోతు తడి దిగాక, ఆరుద్ర కార్తెలో మొదలుపెట్టి జూలై నెలాఖరుకు ముగించండి. అప్పుడు మొక్కకు అక్టోబరు వరకు నాలుగు నెలల వాన అందుతుంది, వేరు లోతుకు దిగుతుంది. జనవరిలో నాటిన మొక్కకు ఆ అవకాశం ఉండదు.

మూడు అడుగుల ఎత్తు పెరిగి, కవరు అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకున్న మొక్కను కొనకండి. జానెడు, మూరెడు ఎత్తున్న చిన్న మొక్క చవక, పైగా రెండేళ్ళలో పెద్దదాన్ని దాటిపోతుంది, గాలికి ఒరగదు. కవరుకు రెండింతల వెడల్పు, కవరంత లోతు గుంత తవ్వి, తీసిన మట్టిలో మూడో వంతు చివికిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి నింపండి. గుంతను పూర్తిగా కొన్న మట్టితో నింపితే వేరు ఆ మెత్తని చోటు దాటి బయటి గట్టి నేలలోకి పోవడానికి బద్ధకిస్తుంది. తంగేడుకు, వావిలికి ఎరువు కూడా అక్కరలేదు.

నాటిన వెంటనే మూడు, నాలుగు అంగుళాల మందాన ఎండుటాకులు, కొబ్బరి పొట్టు, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది పరవండి. కాండాన్ని తాకకుండా బెత్తెడు ఖాళీ వదలాలి, లేకపోతే వానాకాలంలో మొదలు కుళ్ళుతుంది. ఊడ్చి వీధి చెత్తబండిలో వేసే కానుగ ఆకులు ఇందుకు బంగారం లాంటివి.

తక్కువ పని అన్న మాట మూడో ఏడు నుంచి నిజమవుతుంది. మొదటి వేసవిలో ప్రతి పొదకూ వారానికి ఒకసారి పది లీటర్లు, నిదానంగా, పాదులో ఇంకేలా పోయాలి. రోజూ చెంబుడు పోస్తే వేరు పైపైనే తిరిగి ఎండకు దొరికిపోతుంది. ముప్పై పొదలకు వారానికి 300 లీటర్లు అవుతుంది, ఇదివరకటి లాన్ రోజున్నరలో తాగిన నీరు. రెండో వేసవిలో రెండు వారాలకొకసారి చాలు, మూడో వేసవికి తంగేడు, వావిలి, కానుగలకు ఆపేసి, నందివర్ధనం, కనకాంబరాలకు మాత్రం ఆకు వాడినప్పుడు పోయండి. వంటింటి కాయగూరలు కడిగిన నీరు ఇందుకు పనికొస్తుంది, సబ్బు నీరు వద్దు.

పాములు, దోమలు, ఇరుగుపొరుగు

పొదలు వేస్తే పాములు వస్తాయన్న భయం కొండల పక్కనున్న కాలనీల్లో నిజమైన భయమే, దాన్ని కొట్టిపారేయకూడదు. రక్తపింజర, నాగుపాము ఎలుకల కోసం, దాక్కునే చోటు కోసం వస్తాయి. ఇంటి గోడ చుట్టూ మూడడుగుల మేర మొక్కలు లేకుండా కంకర పరవండి. నడిచే దారి పక్కన పొదల కింది కొమ్మలను నేల నుంచి అడుగు ఎత్తు వరకు కత్తిరించి అడుగు కనిపించేలా ఉంచండి. ఇటుకల కుప్పలు, కట్టెలు, కొబ్బరి మట్టలు తోటలో పేర్చవద్దు. రాత్రి బయటికి వెళ్ళేటప్పుడు టార్చి, చెప్పులు తప్పనిసరి. ఎవరినైనా పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం చేయకుండా, కరిచిన కాలిని కదపకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

పక్షులకు పెట్టే నీటి పళ్ళెం రెండు మూడు రోజులకొకసారి పారబోసి తోమాలి, డెంగీ దోమ నిలవ నీటిలో వారం తిరిగేసరికి తయారవుతుంది.

అపార్టుమెంటు ఆవరణలో మార్పు చేయాలంటే సంఘం ఒప్పుకోవాలి. మొత్తం లాన్ తీసేద్దామని అడిగితే చాలాచోట్ల ఒప్పుకోరు, గేటు పక్కన పది గజాల ముక్క అడిగి, దాని అంచును రాళ్ళతో సరిగ్గా గీసి, శుభ్రంగా ఉంచి ఒక వేసవి చూపించండి. అంచు తీరుగా ఉంటే లోపల ఎంత పొదగా పెరిగినా చూసేవారికి అది తోటగానే కనిపిస్తుంది. నీటి బిల్లు, ట్యాంకర్ల లెక్క పక్కనే రాసి పెట్టుకుంటే మరుసటి సమావేశంలో మాట తేలికవుతుంది.

ఏటా చేయవలసిన కత్తిరింపు ఒక్కటే ముఖ్యం. సెప్టెంబరు నెలాఖరులో, అక్టోబరు గాలులకు ముందు, చెట్ల పైకొమ్మలను పలచన చేసి ఎండు కొమ్మలు తీసేయాలి. పొదలను మాత్రం పూలు అయ్యాక ఫిబ్రవరిలో మూడో వంతు తగ్గిస్తే కొత్త చిగురు దట్టంగా వస్తుంది.

మొక్కలు, విత్తనాలు ఎక్కడివి

నగరంలోని నర్సరీలకు చాలా సరుకు కడియం నుంచి వస్తుంది, అడిగితే పొగడ, పొన్న, నందివర్ధనం తెప్పిస్తారు. తంగేడు, వావిలి వంటివి అమ్మకానికి అరుదు, అడిగేవారు పెరిగితేనే అవీ పెంచుతారు. కొనే ముందు ఈ మొక్కలు పెద్దయ్యాక ఎలా ఉంటాయో చూడాలంటే పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని జీవవైవిధ్య ఉద్యానం చూడండి, మే నెలలో కంబాలకొండ కాలిబాట మీద ఒక ఉదయం నడవండి. ఎవరూ నీరు పోయని చోట ఏవి పచ్చగా నిలిచాయో అక్కడ తెలుస్తుంది. కంబాలకొండ అభయారణ్యం కాబట్టి అక్కడి నుంచి మొక్క గానీ విత్తనం గానీ తీయకూడదు.

తంగేడు విత్తనాలను ఖాళీ స్థలాల అంచుల్లో, పొలం గట్ల మీద ఎండిన కాయల నుంచి ఏరుకోవచ్చు. గింజ పైపొర గట్టిది, అలాగే నాటితే నెలల తరబడి మొలవదు. బాగా కాగిన నీటిని పొయ్యి మీద నుంచి దించి, గింజలను అందులో వేసి రాత్రంతా చల్లారనివ్వండి. పొద్దున ఉబ్బిన గింజలను మే మధ్యలో చిన్న కవర్లలో, సగం ఇసుక సగం మట్టి కలిపి, అర అంగుళం లోతున విత్తి తడిపితే జూలైకి నాటడానికి జానెడు మొక్కలు సిద్ధమవుతాయి. ఉబ్బని గింజలను మళ్ళీ ఒకసారి వేడినీటిలో వేయండి.